రెండో కిటికీ

ఢిల్లీకి వచ్చేదాకా నాకు దగ్గరగా తెలిసిన జాతి కుక్క ఒక్కటే, పొమరేనియన్. విశాఖపట్నంలో మా వీధిలో నాలుగిళ్లకు ఒకటి ఉండేది. తెల్లగా, బొచ్చుగా, గేటు దగ్గర పోస్ట్‌మ్యాన్ నీడ పడితే చాలు గొంతు చించుకునేది. దాని బొచ్చు రోజూ దువ్వాలనీ, లేకపోతే చిక్కులు పడి చర్మం పాడవుతుందనీ ఎవరికీ పట్టేది కాదు. ఇంత అన్నం పెట్టి, ఇన్ని పాలు పోసి, అరవడమే దాని ఉద్యోగం అనుకునేవాళ్లం.

ఆర్.కె. పురం ప్రభుత్వ క్వార్టర్స్‌లో దిగాక నా కుక్కల చదువు మొదలైంది. పొద్దున్నే పార్కులో నడుస్తుంటే మనుషుల కంటే ముందు కుక్కలు పరిచయమయ్యేవి. లాబ్రడార్ మంచిదే కానీ తిండిపోతు. బిస్కెట్ చూపిస్తే దొంగ వెంట కూడా వెళ్తుంది. పిల్లలతో ఎంత ఓపికగా ఉంటుందో తిండి దగ్గర అంత సిగ్గులేకుండా ఉంటుంది. అందుకే మా కాలనీ లాబ్రడార్లలో సగం ఒళ్లు చేసి కీళ్ల నొప్పులతో కుంటేవి. అల్సేషియన్ ఇంట్లో ఒక్కరి మాటే వింటుంది. రోజూ గంటసేపు పరుగెత్తించకపోతే ఆ చురుకంతా సోఫా మీద చూపిస్తుంది. డాబర్‌మన్‌ను చూసి అందరూ హడలిపోతారుగాని, జనవరి చలికి అది వణికినంతగా మా ఆయన కూడా వణకలేదు. పక్క బ్లాకులో, రెండు గదుల ఇంట్లో, ఒక గ్రేట్ డేన్ ఉండేది. అది ఒళ్లు విరుచుకోవాలంటే ఇంట్లోవాళ్లు వరండాలోకి వెళ్లాలని చెప్పుకునేవారు. ఇదంతా చూసి నేనొక సిద్ధాంతం చేశాను. ఈ ఊళ్లో జనం తమ ఇంటికి సరిపడే కుక్కను కాదు, తమ హోదాకు సరిపడే కుక్కను తెచ్చుకుంటారని. సిద్ధాంతాలు చేయడం నాకు అలవాటు. వాటివల్ల ఇంతవరకు ఏమీ బాగుపడలేదు.

ఆ రోజుల్లో టీవీలో ఒక ఫోన్ కంపెనీ ప్రకటనలో పగ్ కుక్క కనిపించేది. చదునైన ముఖం, నల్లటి మూతి, బయటికి పొడుచుకొచ్చిన కళ్లు. అది చూసినప్పటి నుంచి మా పాప నా ప్రాణం తీసేది. పాపకు అప్పుడు పదేళ్లు. నేను కుదరదంటే కుదరదన్నాను. రెండు నెలలు తిరిగేసరికి ఆ పగ్ మా ఇంటికి వచ్చింది, కాకపోతే మాది కాదు. మా డైరెక్టర్ గారిది.

ఇక్కడ నా ఉద్యోగం సంగతి చెప్పాలి. నేను విశాఖలోని కేంద్ర ప్రభుత్వ కార్యాలయం నుంచి ఢిల్లీలో ఒక మంత్రిత్వ శాఖకు డెప్యుటేషన్ మీద వచ్చాను. మొదటి ఏడాది రిపోర్టు చూసి కొనసాగిస్తారో, వెనక్కి పంపుతారో తేలుస్తారు. ఆ రిపోర్టు రాసేది మా డైరెక్టర్. రాసేది మే, జూన్ నెలల్లో. మా ఆయన నాకోసం విశాఖలో ఉద్యోగం మానేసి గుర్గావ్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరి అప్పటికి మూడు నెలలు. నన్ను వెనక్కి పంపితే ఆయన ఇక్కడ, మేము అక్కడ. కాబట్టి ఆ మే నెలలో డైరెక్టర్ గారు తుమ్మినా నేను ఉలిక్కిపడేదాన్ని.

అలాంటి మే నెలలో ఒక మంగళవారం ఆయన నన్ను గదిలోకి పిలిచారు. ఫైలు గురించి అనుకుని నోటు పుస్తకం పట్టుకెళ్లాను. ఆయన కొంచెం ఇబ్బందిగా నవ్వి, గురువారం సాయంత్రం భార్యతో కలిసి లక్నోలో పెళ్లికి వెళ్తున్నామనీ, ఆదివారం తిరిగొస్తామనీ, ఇంట్లో పనిమనిషి కూడా సెలవులో ఉండటంతో కుక్కను చూసుకునేవాళ్లు లేరనీ చెప్పారు.

"ఆప్ కే ఘర్ మే బచ్చీ హై. ఉస్ కా భీ దిల్ లగేగా" అన్నారు.

మా పాపకు కాలక్షేపం అవుతుందట. నాకంటే ముందు ఇద్దరిని అడిగారని తర్వాత తెలిసింది. ఒకాయన తనకు కుక్క బొచ్చు పడదన్నాడు. ఇంకొకాయన తన ఇంట్లో అల్సేషియన్ ఉందనీ, అది పగ్‌ను ఒక్క ముద్ద కింద లెక్క కడుతుందనీ చెప్పాడు. ఢిల్లీలో పుట్టి పెరిగినవాళ్లు, తెలివైనవాళ్లు. నేను మాత్రం, "తప్పకుండా సార్, దానికేముంది" అన్నాను. అది ఆజ్ఞ కాదు. కానీ కాదనే ధైర్యం నాకు లేదు, ఆ సంగతి ఆయనకూ తెలుసు.

గురువారం సాయంత్రం ఆయన భార్య స్వయంగా వచ్చి అప్పగించారు. కుక్కతోపాటు ఒక సంచి, ఆ సంచిలో గుండ్రటి ఇంగ్లీషు అక్షరాలతో నింపిన ఒక కాగితం. అందులో పద్నాలుగు సూచనలున్నాయి. ముఖం మడతల్లో తడి నిలవకూడదు, రోజూ దూదితో తుడవాలి. కళ్లు బయటికి ఉంటాయి కాబట్టి తేలిగ్గా గీసుకుపోతాయి, జాగ్రత్త. మెడకు పట్టీ వేయొద్దు, ఊపిరి అందదు, ఛాతీకి వేసే పట్టీయే వాడాలి. తిండికి అంతు ఉండదు, అడిగినప్పుడల్లా పెట్టొద్దు. ఒంటరిగా వదిలితే దిగులుపడుతుంది. వేడి అస్సలు పడదు, ఎప్పుడూ చల్లటి గదిలోనే ఉంచాలి. తలుపులు మూసి ఉంచాలి, సందు దొరికితే రోడ్డు మీదకు పరుగెడుతుంది. చివరి సూచన వసంత్ కుంజ్‌లోని పశువైద్యుడి ఫోన్ నంబరు.

ఆమె వెళ్లాక ఆ కాగితాన్ని ఫ్రిజ్ మీద అంటించాను. ఇరవై ఏళ్లుగా సర్క్యులర్లు చదివి, సర్క్యులర్లు రాసి బతుకుతున్నదాన్ని. రాసిన ప్రతి అక్షరమూ పాటిస్తే తప్పు జరగదని నా నమ్మకం.

కుక్క పేరు ఇక్కడ రాయను. మా ఇంట్లో వాడిని "వాడు" అనే అనేవాళ్లం. వాడు వచ్చిన పావుగంటకే నా చీర కుచ్చెళ్ల వెనకాల నడవడం మొదలుపెట్టాడు. వంటగదిలోకి వెళ్తే వంటగదిలోకి, స్నానాల గది దగ్గరికి వెళ్తే గుమ్మం దాకా. పడుకుంటే గురక. ఇంత చిన్న ఒంట్లోంచి అంత గురక ఎలా వస్తుందని మా ఆయన ఆశ్చర్యపోతే, మీకు ఆ సందేహం రావడమే నాకు ఆశ్చర్యం అన్నాను. కాపలాకు పనికిరాడు, పరుగు పందేనికి పనికిరాడు. మనిషి పక్కన ఉండటమే వాడికి చేతనైన పని. ఆ పని మాత్రం ఎంత బాగా చేసేవాడో. నాకు కుక్కలంటే ఇష్టం లేదని అన్నాళ్లూ అందరికీ చెప్పుకున్నాను. శుక్రవారం మధ్యాహ్నానికి వాడికి నా చేత్తో పెరుగన్నం పెడుతున్నాను.

శుక్రవారం నేను సెలవు పెట్టాను. సాయంత్రం ఆకాశం పసుపుపచ్చగా మారి దుమ్ము తుఫాను వచ్చింది. గాలికి కిటికీలు కొట్టుకుంటుంటే మూయడానికి పరుగెత్తాం. ఆ హడావుడిలో పాప వీధి తలుపు గడియ వేయలేదు. చూసేసరికి వాడు లేడు. మెట్ల మీద లేడు, కింద స్కూటర్ల దగ్గర లేడు. పాప ఏడుస్తూ ఒకవైపు, నేను చెప్పుల్లేకుండా ఇంకోవైపు. చివరికి కాలనీ గేటు బయట, బస్సులు తిరిగే రోడ్డుకు నాలుగడుగుల దూరంలో, ఎగిరే ప్లాస్టిక్ సంచిని వాసన చూస్తూ దొరికాడు. వాడిని ఎత్తుకుని ఇంటికి తెచ్చి గడియ పెట్టాను. పాప వీపు మీద ఒకటి వేశాను. కోపంతో కాదు, భయంతో. ఆదివారం సాయంత్రం దాకా ఈ ఇంట్లో ఒక్క తలుపు, ఒక్క కిటికీ తెరిచి ఉండటానికి వీల్లేదని ఆ క్షణమే ఉత్తర్వు జారీ చేశాను.

ఇక కూలర్ సంగతి. ఢిల్లీలో అది మాకు మొదటి వేసవి. విశాఖలో కూలర్ ఎవరూ కొనరు. సముద్రం గాలిలో ఉన్న తడికి తోడు ఇంకా తడి ఎందుకు? మాకు తెలిసిందల్లా ఆఫీసుల్లో ఏసీ. ఏసీ వేస్తే తలుపులు మూయాలి, మూయకపోతే చల్లదనం పోతుంది. ఏప్రిల్‌లో పెద్ద ఇనప కూలర్ కొని ముందుగది కిటికీలో బిగించినప్పుడు, మేము దాన్ని కూడా అలాగే అనుకున్నాం. పగలంతా ఇంట్లో ఎవరమూ ఉండకపోవడం వల్ల, సాయంత్రాలు ఎలాగూ వీధి తలుపు తీసుకునే కూర్చోవడం వల్ల, అప్పటిదాకా ఏమీ జరగలేదు.

శనివారం దుమ్ము తుఫాను తెచ్చిన చల్లదనం ఎగిరిపోయి ఎండ పేట్రేగిపోయింది. బయట వడగాలి. మా ఆయనకు ఆ రోజు కూడా ఆఫీసు ఉండి గుర్గావ్ క్యాబ్ ఎక్కారు. నేను పదింటికి కూలర్ నిండా నీళ్లు పోసి, వేగంగా తిప్పి, ముందుగది రెండో కిటికీ, వీధి తలుపు, వరండా తలుపు, వంటగది కిటికీ అన్నీ బిగించాను. కిటికీ సందుల్లో దుమ్ము రాకుండా పాత చీర ముక్కలు కూడా కుక్కాను. వాడిని కూలర్ ఎదురుగా గోనెపట్టా మీద పడుకోబెట్టాను. కాగితంలో చల్లటి గది అన్నారు, చల్లటి గది. తలుపులు మూయాలన్నారు, మూశాను. మధ్యాహ్నానికి గదిలో గాలి తేమగా, ఒంటికి అంటుకునేలా తయారైంది. పేపరు అంచులు మెత్తబడ్డాయి. అది చూసి నాకేమనిపించిందో చెబితే నవ్వుతారు. అచ్చం మా ఊరి గాలిలా ఉందని సంతోషించాను.

వాడు గురక పెడుతున్నాడు. నేను వంటగదిలో పప్పుకు తాలింపు వేస్తున్నాను. వాడి గురక ఎప్పటికంటే గట్టిగా వినిపిస్తోంది. సుఖంగా నిద్రపోతున్నాడులే అనుకున్నాను. అలా అనుకున్న అరగంట నాకు ఇప్పటికీ గుర్తుంది, గుర్తొచ్చినప్పుడల్లా ఒళ్లు మండుతుంది. రెండు కావస్తుండగా పాప పిలిచింది.

"అమ్మా, ఒకసారి రా. వీడు పడుకోలేదే. కళ్లు తెరిచే ఉన్నాయి."

వెళ్లి చూస్తే అది గురక కాదు. రంపం కోసినట్టు ఊపిరి. నాలుక మామూలు కంటే రెండింతలు పొడవుగా వేలాడుతోంది, ఎరుపు తిరిగి ఊదా రంగులోకి మారుతోంది. నోటి నుంచి చిక్కటి తీగల్లా చొంగ. పేరు పెట్టి పిలిచాను. లేవబోయాడు, వెనక కాళ్లు నిలవలేదు. రెండడుగులు వేసి పక్కకు ఒరిగి నురగ కక్కాడు. కళ్లు నావైపే ఉన్నాయి కానీ నన్ను చూడటం లేదు.

ఆ క్షణంలో నాకు కలిగిన మొదటి ఆలోచన వాడి గురించి కాదు. రిపోర్టు గురించి. ఇది రాయకుండా దాటేయొచ్చు, కానీ జరిగింది అదే.

ఫ్రిజ్‌లోంచి ఐసు తీసి వాడి ఒంటి మీద గుమ్మరించాను. తువ్వాలు తడిపి చుట్టబెట్టాను. ఎండ దెబ్బ తగిలిన మనుషులకు మా అమ్మ చేసేది అదే. తర్వాత ఫోను తీసి లక్నోలో ఉన్న మేడమ్ నంబరు సగం నొక్కి ఆపేశాను. పాప నన్నే చూస్తోంది.

"డాక్టర్ నంబర్ ఉంది కదా అమ్మా, పద్నాలుగోది" అంది.

డాక్టర్‌కు ఫోన్ చేశాను. నేను చెప్పింది సగం విని ఆయన అడ్డుపడ్డారు. తడి తువ్వాలు తీసేయండి, లోపలి వేడిని అది బయటికి పోనివ్వదు. ఐసు వద్దు. మామూలు చల్లటి నీళ్లు పోస్తూ, గాలి తగలనిస్తూ, వెంటనే తీసుకురండి. పోయడం ఆపకండి.

స్నానాల గదిలోకి వాడిని ఎత్తుకెళ్లి కుళాయి తిప్పాను. మే నెల మధ్యాహ్నం, డాబా మీది ట్యాంకు నీళ్లు. చెయ్యి కాలింది. చల్లటి నీళ్లు ఎక్కడున్నాయి? తాగే కుండలో ఉన్నాయి. ఆ కుండెత్తి మొత్తం వాడి పొట్ట మీద, తొడల మీద పోశాను. ఈలోగా పాప పై అంతస్తుకు పరుగెత్తి పంజాబీ ఆంటీని పిలుచుకొచ్చింది. ఆవిడ రిటైరైన టీచరు, భర్త పోయాక కొడుకు క్వార్టర్‌లో ఉండేవారు. గుమ్మంలో అడుగుపెట్టగానే ఆవిడ కుక్కను చూడలేదు. గదిని చూశారు.

"అరే బేటీ, కూలర్ చలా కే సబ్ బంద్?" అన్నారు.

కూలర్ వేసి అన్నీ మూసేస్తారా అని. చరచరా వెళ్లి నేను కుక్కిన చీర ముక్కలు పీకి, రెండో కిటికీ బార్లా తెరిచారు, వరండా తలుపు తెరిచారు. బయట వడగాలి ఉందని నేను అనబోతే, "ఆనే దో" అన్నారు. రానీ. గదిలో నిలిచిపోయిన తడి గాలి ఒక్కసారిగా కదిలింది. నాకే ఊపిరి తేలికైంది. అంతసేపూ నాకూ ఊపిరి బరువుగానే ఉందని అప్పుడు తెలిసింది.

ఆవిడ దగ్గర పాత మారుతి ఉండేది. ఏసీ లేదు. నాలుగు అద్దాలూ దించి, ఆవిడే నడిపారు. వాడు నా ఒళ్లో, పాప పక్కన కూలర్ అడుగున ఉన్న నీళ్లు నింపిన రెండు సీసాలతో. "పోస్తూ ఉండు" అంటే పోస్తూ ఉంది. మునీర్కా దగ్గర సిగ్నల్ పడింది. కారు ఆగగానే గాలి ఆగింది. వాడి పొట్ట నా చేతి కింద పైకీ కిందికీ కొట్టుకుంటోంది, మధ్యలో ఒకసారి ఆగింది. లెక్కపెట్టాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు. మళ్లీ కొట్టుకుంది. ఎదురుగా ఎర్ర దీపం అలాగే ఉంది. ఆంటీ పక్క బస్సు డ్రైవర్‌కు చెయ్యి ఊపి, హారన్ మీద చెయ్యి పెట్టి, ఎర్ర దీపం దాటించేశారు. ముప్ఫై ఏళ్లు పిల్లలకు క్రమశిక్షణ నేర్పిన మనిషి.

డాక్టర్ వాడిని బల్ల మీదికి తీసుకుని జ్వరం చూశారు. నూట ఎనిమిది. సెలైన్ ఎక్కించారు, బల్ల ఫ్యాను పెట్టారు, మమ్మల్ని బయట కూర్చోమన్నారు. బెంచీ మీద మేము ముగ్గురం. నా చీరంతా తడి, చొంగ. పక్కన ఎవరో లాబ్రడార్‌కు చెవి పోటని తెచ్చారు, అది అందరి చేతులూ నాకుతోంది. పాప దాన్ని ముట్టుకోలేదు. మా ఆయనకు ఫోన్ చేస్తే, వస్తున్నానన్నారు. గుర్గావ్ నుంచి ఆ ఎండలో ఎప్పటికి వస్తారో తెలియదు. వాడు బతకాలి, వాడు బతకాలి అని లోపల అనుకుంటూనే ఉన్నాను. ఈసారి రిపోర్టు గుర్తుకు రాలేదు. పెరుగన్నం తిన్నాక వాడు నా మోకాలికి మూతి తుడుచుకున్నది గుర్తుకొచ్చింది.

నాలుగున్నరకు డాక్టర్ పిలిచారు. జ్వరం దిగింది, నిలబడ్డాడు. అప్పుడు ఆయన నన్ను కూర్చోబెట్టి, తిట్టకుండా చెప్పారు. తిట్టి ఉంటే బాగుండేది. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, రొప్పడం ఒక్కటే దారి. నాలుక మీది తడి ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. ఈ జాతికి ముక్కు నొక్కేసి ఉంటుంది కాబట్టి ఆ దారి కూడా ఇరుకే. గదిలో గాలే తడిగా ఉంటే నాలుక మీది తడి ఎక్కడికి ఆరుతుంది? కూలర్ నడుస్తున్నంతసేపూ ఎదురు కిటికీ తెరిచి ఉండాలి, గాలి ఒకవైపు వచ్చి ఇంకోవైపు పోవాలి. మీరు వీడిని చల్లటి గదిలో పెట్టలేదు మేడమ్, ఉడికే గిన్నె మీద మూత పెట్టారు అన్నారు.

తర్వాత ఒక చీటీ రాసిచ్చారు. ఇలాంటి దెబ్బ తిన్న కుక్కకు కిడ్నీలు రెండు మూడు రోజుల తర్వాత దెబ్బతినొచ్చు. మంగళవారం లోపు రక్త పరీక్ష తప్పనిసరి. ఇకపై వేడికి మరీ తొందరగా పడిపోతాడు. "యజమానులకు మీరు ఈ విషయం చెప్పాలి" అన్నారు. చెబుతానన్నాను. చీటీ మడిచి పర్సులో పెట్టుకున్నాను.

ఆదివారం పొద్దున వాడు లేచి, నీళ్లు తాగి, నా కుచ్చెళ్ల వెనకాల నడిచాడు. కొంచెం నెమ్మదిగా, అంతే. ఇంట్లో అందరం ఊపిరి పీల్చుకున్నాం. మా ఆయన కాఫీ తాగుతూ అన్నారు.

"గండం గడిచింది కదే. ఇప్పుడే చెప్పడమెందుకు? రిపోర్టు వెళ్లిపోయాక నెమ్మదిగా చెబుదువుగాని."

"మంగళవారం లోపు పరీక్ష చేయించాలట."

"వాడిని చూడు. పరీక్ష కావలసినవాడిలా ఉన్నాడా?"

లేడు. వాడు చపాతీ ముక్క కోసం ఆయన కాలి మీద కాలు వేసి చూస్తున్నాడు. నేను ఆయన్ను తప్పు పట్టను. ఆయన చెప్పింది నేను వినాలనుకున్న మాటే. పాపతో మాత్రం, "మేడమ్ వచ్చినప్పుడు నువ్వేం మాట్లాడకు. నేను చెబుతాలే" అన్నాను.

సాయంత్రం ఆరింటికి మేడమ్ వచ్చారు. వాడు ఆవిడ మీదికి ఎగబాకి తోకతోపాటు నడుమంతా ఊపాడు. ఆవిడ వాడిని ఎత్తుకుని, ముఖం మడతలు వేలితో విప్పి చూసి, నా చేతుల్లో కూడా ఇంత శుభ్రంగా ఉండడని మెచ్చుకున్నారు. లక్నో నుంచి తెచ్చిన మిఠాయి డబ్బా ఇచ్చారు. అప్పుడు అడిగారు.

"కోయీ పరేషానీ తో నహీ హుయీ?"

ఇబ్బందేమీ కలగలేదు కదా అని. పర్సు గోడకు తగిలించి ఉంది. చీటీ అందులో ఉంది. పాప నా పక్కనే ఉంది.

"నహీ మేడమ్" అన్నాను.

ఆ రెండు మాటలు చెప్పడానికి నాకు ఏ కష్టమూ కాలేదు. అందుకే ఇప్పటికీ సిగ్గుపడతాను. కారు మలుపు తిరిగేదాకా వరండాలో నిలబడి చెయ్యి ఊపాను. లోపలికి వచ్చాక పాప మిఠాయి డబ్బా ముట్టుకోలేదు.

"అమ్మా, మరి బ్లడ్ టెస్ట్ ఎవరు చేయిస్తారు?" అని అడిగింది.

నిలదీసినట్టు కాదు. నిజంగానే తెలియక అడిగింది. అమ్మ చెబుతానంది కాబట్టి ఏదో ఏర్పాటు ఉంటుందనుకుంది. శుక్రవారం దాని వీపు మీద వేసిన దెబ్బ నాకు తగిలితే బాగుండేదనిపించింది.

సోమవారం పది గంటలకు నేను డైరెక్టర్ గారి గది ముందు ఉన్నాను. పది నిమిషాలు బయటే నిలబడి, లోపలికి వెళ్లాను. బల్ల మీద ఎడమవైపు రిపోర్టు ఫారాల కట్ట ఉంది, గోధుమ రంగు కవర్లలో. నాది ఎన్నోదో చూడాలని చూపు అటు పోయింది. బలవంతంగా తిప్పుకుని చీటీ ఆయన ముందు పెట్టాను. శనివారం జరిగింది మొత్తం చెప్పాను. కూలర్, చీర ముక్కలు, ఐసు. ఆదివారం అబద్ధం చెప్పానని కూడా చెప్పాను. ఏదీ వదిలిపెట్టలేదు.

ఆయన చీటీ రెండుసార్లు చదివారు. ఫోను తీసి ఇంటికి చేసి, వాడిని వెంటనే వసంత్ కుంజ్ తీసుకెళ్లమని భార్యకు చెప్పారు. ఎందుకని ఆవిడ అడిగినట్టుంది. "బాద్ మే బతాతా హూఁ", తర్వాత చెబుతాను అన్నారు. ఫోను పెట్టేసి నావైపు చూశారు. కోపంగా అయితే భరించేదాన్ని. అలసిపోయినట్టు చూశారు.

"ఆప్ జాయియే" అన్నారు. వెళ్లండి. అంతే.

రక్త పరీక్షలో కిడ్నీలు కొంచెం దెబ్బతిన్నట్టు తేలిందనీ, నాలుగు రోజులు సెలైన్ పెట్టారనీ, ఇంకో వారం ఆలస్యమైతే కష్టమయ్యేదనీ ఆయన డ్రైవర్ ద్వారా తెలిసింది. ఆయన నాతో ఆ విషయం మళ్లీ ఎత్తలేదు. ఫైళ్ల గురించి మాట్లాడేవారు, మునుపటి కంటే రెండు మాటలు తక్కువ. మేడమ్ ఆఫీసు ఫంక్షన్‌లో కనిపించి నమస్కారానికి నమస్కారం పెట్టి పక్కకు వెళ్లిపోయారు.

ఆ రోజుల్లో రిపోర్టులో మంచి రాస్తే మనకు తెలిసేది కాదు. చెడు రాస్తేనే కవరులో పెట్టి పంపేవారు. కాబట్టి వర్షాకాలమంతా ప్యూన్ నా గదివైపు వస్తే ముందు అతని చేతిలోకి చూసేదాన్ని. ఏ కవరూ రాలేదు. శీతాకాలం మొదట్లో డెప్యుటేషన్ కొనసాగింపు ఉత్తర్వు వచ్చింది. ఆయన నా గురించి ఏం రాశారో నాకు ఇప్పటికీ తెలియదు. చెడు రాయలేదు, అంతవరకే తెలుసు. మా ఆయన మిఠాయి తెచ్చారు. పాప ఈసారి తింది.

మళ్లీ మే వచ్చింది. ఒక గురువారం సాయంత్రం కాలింగ్ బెల్ మోగితే తలుపు తీశాను. మేడమ్. చంకలో వాడు, చేతిలో అదే సంచి. ఫోన్ చేయలేదు, ముందు చెప్పలేదు. వాడు కిందికి దూకి, ఏడాది కింద వదిలిన చోటు నుంచే అన్నట్టు, నా కుచ్చెళ్ల వెనకాల చేరాడు.

"మూడు రోజులు. ఉంచుకుంటారా?" అని హిందీలో అడిగారు.

తల ఊపాను. ఆవిడ సంచిలోంచి కాగితం తీసి ఇచ్చారు. అవే గుండ్రటి అక్షరాలు, అవే పద్నాలుగు సూచనలు. కింద ఇంకో రెండు చేర్చి ఉన్నాయి. పదిహేనోది: కూలర్ వేస్తే రెండో కిటికీ తెరిచి ఉంచాలి. పదహారోది: ఏదైనా జరిగితే ఆ నిమిషమే ఫోన్ చేయండి, సోమవారం దాకా ఆగకండి.

చదివి, ఆవిడ ముఖంలోకి చూడలేక, కిటికీ తెరవడానికి వెళ్లాను.